‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’, పెంగ్విన్ క్లాసిక్స్ ప్రతి: నామోషీకి ఎంత ఖరీదు పడుతుందో లెక్కగట్టిన నవల

చార్లెస్ డికెన్స్ ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ కొందామనుకునేవాళ్లకు చిక్కు పుస్తకం దొరక్క కాదు, లెక్కకు మించి దొరకడం వల్ల. కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది కాబట్టి ఎవరికి తోచినట్టు వాళ్లు వేస్తున్నారు. కొన్నింటికి అట్ట అందంగా ఉంటుంది, లోపల అక్షరం చీమతలకాయంత. కొన్నింట్లో కథ సగానికి సగం కోసేసి ఉంటుంది, ఆ సంగతి ఏ లోపలి పేజీలోనో ఒక్క ముక్కలో చెప్పి ఊరుకుంటారు. ఇక్కడ చూస్తున్నది పెంగ్విన్ క్లాసిక్స్ ప్రతి. 1996లో వచ్చింది, సంపాదకురాలు షార్లట్ మిచెల్, ముందుమాట డేవిడ్ ట్రాటర్‌ది.

దీనిలో ఉన్న పాఠం 1861లో మొదటిసారి పుస్తకంగా వచ్చినప్పటిది. వెనక నోట్స్ ఉన్నాయి, కథ జరిగే కెంట్ ప్రాంతానికి 19వ శతాబ్దం తొలినాళ్ల మ్యాపు ఉంది, డికెన్స్ మొదట రాసి తర్వాత పక్కన పెట్టేసిన ముగింపు ఉంది, నవల రాస్తూ ఆయన తన కోసం వేసుకున్న గుర్తులు కూడా ఉన్నాయి. ఈ చివరి రెండూ లేని ప్రతి కొనడం దండగ అని గట్టిగానే చెప్పాలి, కారణం ముగింపు దగ్గర తెలుస్తుంది. ఇబ్బంది ఒక్కటే, నోట్స్ పేజీ అడుగున కాకుండా పుస్తకం చివర ఉన్నాయి. రెండు బుక్‌మార్కులు పెట్టుకోండి, ఒకటి కథ దగ్గర, ఒకటి నోట్స్ దగ్గర. ముందుమాట పేరుకు ముందుంది గానీ అందులో కథంతా బయటపడిపోతుంది కాబట్టి దాన్ని ఆఖర్న చదవాలి.

పేజీ అడుగునే నోట్స్ కావాలనుకుంటే ఎడ్గర్ రోజెన్‌బర్గ్ సంపాదకత్వంలో 1999లో వచ్చిన నార్టన్ క్రిటికల్ ఎడిషన్ ఉంది. ముగింపుల చరిత్ర మీద అంత వివరంగా పనిచేసిన ప్రతి మరొకటి లేదు. కానీ బరువైన పుస్తకం. ఎం.ఏ. ఇంగ్లిష్ వాళ్లకూ, పరిశోధన చేసేవాళ్లకూ సరిపోతుంది. ఊరికే నవల చదువుకుందామనుకునేవాళ్లకు అంత సరంజామా అడ్డం. ఆక్స్‌ఫర్డ్ వరల్డ్స్ క్లాసిక్స్ ప్రతిలో మార్గరెట్ కార్డ్‌వెల్ పరిశోధకుల కోసం పరిష్కరించిన క్లారెండన్ పాఠం ఉంది, అది కూడా నమ్మకమైనదే. డబ్బు పెట్టకుండా చదవాలంటే ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వెబ్‌సైట్‌లో 1400వ నంబరు పుస్తకం ఇదే. నోట్స్ ఉండవు గానీ ఒక మాట ఎక్కడెక్కడ వచ్చిందో వెతుక్కోవడానికి అచ్చు పుస్తకం కంటే అదే మేలు.

కొనేముందు విషయసూచిక ఒకసారి తిప్పి చూడండి. 59 అధ్యాయాలు ఉండాలి. అవి మూడు భాగాలు, 19, 20, 20. ఒక్క అధ్యాయం తగ్గినా అది కుదించిన ప్రతే. కుదించేవాళ్లు ముందుగా కత్తెర వేసేది లాయరు గుమాస్తా వెమ్మిక్ ఇంటి మీదా, దర్జీ ట్రాబ్ దగ్గర పనిచేసే కుర్రాడి మీదా. వాళ్లిద్దరూ పోతే కథ మిగులుతుంది, నవల మిగలదు.

మొత్తం సుమారు లక్షా ఎనభై అయిదు వేల మాటలు. డికెన్స్ దీన్ని ఒక్క ఊపున చదివించడానికి రాయలేదు. తన వారపత్రిక ‘ఆల్ ద ఇయర్ రౌండ్’లో 1860 డిసెంబర్ 1 నుంచి 1861 ఆగస్టు 3 దాకా 36 వారాలు నడిపాడు. అప్పటికి అందులో వస్తున్న చార్లెస్ లీవర్ సీరియల్ వల్ల పత్రిక అమ్మకాలు పడిపోతుంటే, వాటిని నిలబెట్టడానికి తనే రంగంలోకి దిగాడు. అందుకే ఏ విడతకు ఆ విడత తర్వాతేమవుతుందో అన్న కొక్కెం మీద ఆగుతుంది. రోజుకు ఒకటి రెండు అధ్యాయాల చొప్పున చదివితే నెలా, నెలన్నరలో హాయిగా పూర్తవుతుంది. చాలామంది పుస్తకం మూసేసేది రెండో భాగం మొదట్లో, కథానాయకుడు పిప్ లండన్ చేరాక, పాకెట్ కుటుంబం వచ్చినప్పుడు. అక్కడ నడక నిజంగానే మందగిస్తుంది. 27వ అధ్యాయం దాకా ఓపిక పట్టండి, తర్వాత పుస్తకమే మిమ్మల్ని లాక్కుపోతుంది.

కథ తెలియకుండా చదవాలనుకునేవాళ్లు ఇక్కడితో ఆగి, పుస్తకం పూర్తిచేశాక మిగతాది చదవండి. ఇక మీదట దాపరికం లేదు.

పేరు దగ్గరే మొదటి తడబాటు. ‘ఎక్స్‌పెక్టేషన్స్’ అంటే ఇక్కడ ఆశలు, ఆశయాలు కాదు. ఆ కాలపు ఇంగ్లిష్‌లో అది ఆస్తికి సంబంధించిన మాట: ముందు ముందు ఫలానావాళ్ల సొమ్ము తనకు దక్కుతుందన్న ఖాయమైన భరోసా. లాయరు జాగర్స్ కమ్మరి కొలిమి దగ్గరికొచ్చి పిప్‌తో చెప్పేది ఆ అర్థంలోనే. రెండో తడబాటు పిప్ అక్క గురించి. పిప్‌ను తన ‘చేత్తో’ పెంచానని ఆమె ఊరంతా చెప్పుకుంటుంది. తెలుగులో చేతుల మీద పెంచడమంటే గారాబంగా పెంచడం కాబట్టి మనకు వెంటనే తప్పు బొమ్మ కడుతుంది. అప్పట్లో దాని అర్థం తల్లిపాలు లేని బిడ్డను పోతపాలతో పెంచడం. ఆ చెయ్యి ఎంత గట్టిదో ఒంటికి తెలిసిన పిల్లవాడు ఆ మాటకు దెబ్బలనే అర్థం చెప్పుకుంటాడు. ఇలాంటి చోట్ల నోట్స్ లేకుండా చదివితే హాస్యమూ పోతుంది, ఏడుపూ పోతుంది. పిప్ బావ జో, ఖైదీ మాగ్విచ్ మాట్లాడే యాసకు మాత్రం నోట్స్ అక్కర్లేదు. ‘వి’ ఉండాల్సిన చోట ‘డబ్ల్యు’ పలుకుతారు, పైకి చదివితే చెవికి అందిపోతుంది. డబ్బు లెక్క కూడా ఒక్కసారి తెలుసుకుంటే చాలు: పన్నెండు పెన్నీలు ఒక షిల్లింగు, ఇరవై షిల్లింగులు ఒక పౌను, ఇరవై ఒక్క షిల్లింగులు ఒక గినీ. ఈ నవలలో డబ్బు ఎప్పుడూ గాలి కబురుగా రాదు. ఎంత, ఎవరి చేతి నుంచి, ఎవరి చేతికి అన్నది ప్రతిసారీ లెక్కగా వస్తుంది.

‘జెంటిల్మన్’ అన్న మాటకు మాత్రం మన భాషలో చక్కగా ఒదిగే మాటే ఉంది: పెద్దమనిషి. హోదా ఉన్నవాడు అని ఒక అర్థం, మంచివాడు అని ఇంకో అర్థం. నవల మొత్తం ఆ రెండు అర్థాల మధ్యనే నలుగుతుంది.

పిప్ తల్లిదండ్రులు లేని పిల్లవాడు. బావ జో గార్జరీ ఊరి కమ్మరి. కథ మొదలయ్యేసరికి పిప్‌కు ఏడేళ్లు. కొలిమి, సుత్తి, దాగలి, వాటి పక్కన జో. వీటిలో ఏదీ అప్పటికి వాడికి తక్కువగా అనిపించలేదు. 8వ అధ్యాయంలో మిస్ హావిషామ్ అనే డబ్బున్న ఆవిడ ఇంటికి ఆడుకోవడానికి పంపుతారు. అక్కడ ఆమె పెంచుకుంటున్న ఎస్టెల్లా పేకాట మధ్యలో ఒక మాట అంటుంది, వీడు నేవ్‌లను జాక్‌లంటున్నాడు అని (పెద్దింటివాళ్లు నేవ్ అనే పేక ముక్కను మామూలు జనం జాక్ అనేవారు). ఆ వెంటనే వాడి మొరటు చేతులను, బండ బూట్లను ఎత్తి చూపుతుంది. తర్వాత రొట్టె, మాంసం తెచ్చి, మొహం చూడకుండా, తప్పుచేసిన కుక్కకు పెట్టినట్టు పెరట్లో పెడుతుంది. ఒక్క మధ్యాహ్నం, అంతే. తన చేతులు అలా ఉంటాయని వాడికి అంతవరకు తెలియదు. తెలిశాక ఇక మరిచిపోలేడు.

దీనికి మన దగ్గర సరైన మాట నామోషీ. సిగ్గు వేరు, అవమానం వేరు. తనవాళ్లు తనకు తక్కువగా కనిపించడం మొదలై, అలా కనిపిస్తున్నందుకు లోలోపల తనే కుంచించుకుపోవడం నామోషీ. వర్గభేదం మీద వచ్చిన నవలలు చాలా ఉన్నాయి గానీ, అది ఒక పిల్లవాడి ఒంట్లోకి ఏ ద్వారం గుండా దూరుతుందో ఇంత దగ్గరగా చూపినవి తక్కువ. ఆ రోజు ఇంటికొచ్చి పిప్ అబద్ధాలాడతాడు. నల్ల మఖ్మలు బండి చూశానంటాడు, పెద్ద పెద్ద కుక్కలు వెండి బుట్టలోంచి మాంసం ముక్కలు తింటున్నాయంటాడు. తర్వాత జో ఒక్కడికే నిజం చెబుతాడు. జో కొట్టడు. తిన్నగా నడిచి గొప్పవాడివి కాలేకపోతే వంకరగా నడిచి అసలే కాలేవురా అన్న భావం వచ్చేలా తనకు చేతనైన మాటల్లో చెప్పి ఊరుకుంటాడు.

ప్రేమ కూడా అదే మధ్యాహ్నం పుట్టింది. నామోషీ, ప్రేమ కవలల్లా ఒకే గంటలో పుట్టడమే పిప్ జీవితానికి పట్టిన పీడ. వాటిని ఎప్పటికీ విడదీసుకోలేడు. 17వ అధ్యాయంలో బిడ్డీ చాలా మామూలుగా ఒక ప్రశ్న అడుగుతుంది: పెద్దమనిషివి అవ్వాలనుకుంటున్నది ఆ అమ్మాయి మీద కసి తీర్చుకోవడానికా, ఆమెను దక్కించుకోవడానికా? పిప్ తెలియదంటాడు. మిగతా 42 అధ్యాయాల్లోనూ ఆ ప్రశ్నకు జవాబు దొరకదు. నవల మొత్తంలో ఇంతకంటే పదునైన ప్రశ్న ఎవరూ అడగలేదు. అడిగింది ఊళ్లో బడిపంతులమ్మ దగ్గర పెరిగిన ఒక పేదపిల్ల.

ఇక మిస్ హావిషామ్ ఇల్లు, సాటిస్ హౌస్. నిజానికి కెంట్‌లోని రాచెస్టర్‌లో ఆ పేరుతో ఒక ఇల్లు ఉంది. కానీ డికెన్స్ తన ఇంటికి రూపం తీసుకున్నది అదే ఊళ్లోని రెస్టోరేషన్ హౌస్ నుంచి. రాచెస్టర్ పేరు మాత్రం నవలలో ఎక్కడా రాదు, ‘మా పట్నం’ అంటాడు. సాటిస్ అంటే లాటిన్‌లో ‘చాలు’. ఈ ఇల్లున్నవాడికి ఇంకేమీ అక్కర్లేదని ఆ పేరు పెట్టారని ఎస్టెల్లా చెబుతుంది. చాలు అన్న పేరున్న ఇంట్లో ఎవరికీ ఏదీ చాలదు. గడియారాలన్నీ ఎనిమిది నలభై దగ్గర ఆగిపోయి ఉంటాయి, పెళ్లికొడుకు రావడం లేదన్న ఉత్తరం ఆమెకు అందిన నిమిషం అది. ఒక కాలికి మాత్రమే జోడు, ఒంటి మీద పసుపు తిరిగిపోయిన పెళ్లి గౌను, పొడుగాటి బల్ల మీద సాలెపురుగులు కాపురం పెట్టిన పెళ్లి కేకు. పగటి వెలుగు లోపలికి రానివ్వరు. ఇవన్నీ అందరికీ తెలిసిన బొమ్మలే, సినిమాలు వీటిని మరీ అరగదీశాయి. సినిమాల వల్ల పడిన ఒక తప్పు ముద్ర మాత్రం తుడిచేసుకోవాలి. మిస్ హావిషామ్ ఎనభై ఏళ్ల ముసలమ్మ కాదు. డికెన్స్ వేసుకున్న గుర్తుల ప్రకారం ఆఖరి భాగం నాటికి ఆమె వయసు సుమారు 56. అంటే పిప్ మొదటిసారి చూసినప్పుడు నలభై దాటి ఎంతో కాలం కాలేదు. ఆ లెక్క మనసులో పెట్టుకుని 8వ అధ్యాయం మళ్లీ చదవండి, దెయ్యం కథలా ఉన్నది కాస్తా ఒక మనిషి తనకు తాను వేసుకున్న శిక్షలా కనిపిస్తుంది.

ఆ ఇంటిని చదివేటప్పుడు గదుల మీద కంటే పక్కనున్న పాడుబడ్డ బీరు కార్ఖానా మీద కన్నేసి ఉంచాలి. హావిషామ్‌ల ఐశ్వర్యమంతా బీరు కాచిన డబ్బు. 22వ అధ్యాయంలో పిప్ లండన్ స్నేహితుడు హెర్బర్ట్ పాకెట్ ఈ సంగతి భోజనం చేస్తూ విడమరుస్తాడు: రొట్టెలు కాల్చుకు బతికేవాడు పెద్దమనిషి కాలేడట, బీరు కాచేవాడు మాత్రం నిక్షేపంగా కావచ్చట. కారణం ఎవరికీ తెలియదు, రివాజు అంతే. పిప్‌ను చూసి మొరటు చేతులన్న పిల్ల తిరుగుతున్నది ఆ బీరు పీపాల మధ్యన. ఆ ముక్క ఎస్టెల్లాకు ఎవరూ చెప్పలేదు, పిప్‌కు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఇంతలోనే ఒక జాగ్రత్త. తెలుగు పాఠకులకు ఇక్కడ కులం గుర్తుకు రావడం సహజం. ముఖ్యంగా 27వ అధ్యాయంలో జో కమ్మరి, కంసాలి, కంచరి అని మనుషుల తేడాలు చెప్పే చోట మన ఊళ్ల పేర్లే చెవిలో మోగుతాయి. పోలిక కొంత దూరమే పోతుంది. పుట్టుకతో అంటుకుని విడవని గుర్తు గురించి కాదు డికెన్స్ రాసింది. చొక్కా, యాస, కత్తి ఫోర్కు పట్టుకునే తీరు మారిస్తే పిప్‌ను లండన్ తనలో కలిపేసుకుంటుంది. మార్చుకోగలగడమే అక్కడ ఉచ్చు. మారగలిగినవాడికే మారనివాళ్లను చూస్తే నామోషీ ఎక్కువ.

డబ్బు దారి పట్టుకుని చదివితే కథ అల్లిక మొత్తం బయటపడుతుంది. 10వ అధ్యాయంలో ఊరి సారాకొట్లో ఒక కొత్త మనిషి పిప్‌కు ఒక షిల్లింగిస్తాడు, అది చుట్టిన కాగితం చూస్తే రెండు ఒక పౌను నోట్లు. మిస్ హావిషామ్ పిప్‌ను జో దగ్గర పనికి కుదిర్చినప్పుడు ఇచ్చేది 25 గినీలు, అంటే 26 పౌన్ల 5 షిల్లింగులు. జాగర్స్ కొత్త బట్టలకు 20 గినీలు లెక్కపెట్టి ఇస్తాడు. అక్కడే జోకు కూడా ఏదైనా పరిహారం ఇస్తామంటే జో ఉగ్రుడైపోతాడు, పిల్లవాడికి ఖరీదు కడతారా అని. 21 నిండిన రోజున పిప్‌కు వచ్చేది 500 పౌన్ల నోటు. అందులో సగం హెర్బర్ట్‌కు తెలియకుండా అతన్ని ఒక వ్యాపారంలో వాటాదారుగా చేర్చడానికి కడతాడు. డబ్బు వచ్చిన తర్వాత పిప్ చేసిన ఒకే ఒక్క మంచిపని అదే. చివరికి అతన్ని నిలబెట్టేదీ అదే. ఈ లెక్కలో అసలైన పేజీ 39వ అధ్యాయంలో ఉంది. గాలివాన రాత్రి, పిప్‌కు 23 ఏళ్లు. మెట్లెక్కి వచ్చిన ముసలాయన చిన్నప్పుడు తను సాయం చేసిన ఖైదీ మాగ్విచ్ అని గుర్తుపట్టి, అప్పట్లో ఆయన పంపించిన ఆ రెండు పౌన్లకు బదులు రెండు కొత్త నోట్లు తీసి ఇస్తాడు, లెక్క తేలిపోయిందన్నట్టు. మాగ్విచ్ వాటిని ఒకదాని మీద ఒకటి పెట్టి, పొడుగ్గా మడిచి, మెలిపెట్టి, దీపానికి అంటించి బూడిద పళ్లెంలో రాలుస్తాడు. ఒక్క మాట అనకుండానే, ఇన్నేళ్లూ నువ్వు తిన్నది ఎవరి సొమ్మో చూడు అన్నట్టు. ఆస్ట్రేలియాలోని న్యూసౌత్‌వేల్స్‌లో గొర్రెలు కాసి సంపాదించిన ఒక ఖైదీ డబ్బు అది. పిప్‌ను పెద్దమనిషిని చేసింది సాటిస్ హౌస్ కాదు, బురదమడుల్లో సంకెళ్లతో వణికిన ఆ మనిషి.

ఈ మలుపును కేవలం కొసమెరుపుగా చదివితే పుస్తకం చెయ్యి జారినట్టే. ఎస్టెల్లా ఆ మాగ్విచ్‌కే పుట్టిన కూతురు, తల్లి జాగర్స్ ఇంట్లో పనిచేసే మాలీ. యాదృచ్ఛికాలు మరీ ఎక్కువయ్యాయని ఒప్పుకోవాల్సిందే. అయినా డికెన్స్ ముడి వేసింది ఊరికే కాదు. ఖైదీ డబ్బుతో పిప్‌ను దొరబాబును చేశారు, ఖైదీ కూతుర్ని తెచ్చి దొరసానిని చేశారు. తక్కువగా చూసిన ఆమె, తక్కువనిపించుకున్న అతను, ఇద్దరూ ఒకే జైలు గడప నుంచి వచ్చినవాళ్లు. ఒక నేరానికి పట్టుబడ్డ ఇద్దరిలో, చదువుకున్నవాడిలా కనిపించే కాంపేసన్‌కు ఏడేళ్లు, మాగ్విచ్‌కు పద్నాలుగేళ్లు శిక్ష పడిందన్న వివరం కూడా ఈ తరాజులోనే వెయ్యాలి. కోర్టు చూసింది నేరాన్ని కాదు, కోటును.

ఎస్టెల్లాకు హృదయం లేదని చాలా సమీక్షలు తీర్పు చెప్పి వదిలేస్తాయి. ఆమె మాటలు వరసపెట్టి చదివితే పుస్తకంలో పిప్‌తో ఒక్కసారి కూడా అబద్ధమాడనిది ఆమే అని తెలుస్తుంది. నాకు మనసు లేదు, నన్ను నమ్ముకోకు అని ఎన్నిసార్లు చెప్పిందో. 38వ అధ్యాయంలో మిస్ హావిషామ్ తనను ప్రేమించడం లేదని ఏడిస్తే, మీరు ఎలా తయారుచేశారో అలాగే ఉన్నాను అని గొంతు పెంచకుండా చెబుతుంది. నవలకు కేంద్రం లాంటి సన్నివేశం అది. ఆమె మనసులోకి రచయిత మనల్ని ఎన్నడూ తీసుకెళ్లలేదన్నది మాత్రం లోపమే. డబ్బున్న మొరటువాడు డ్రమ్ముల్‌తో ఆమె పెళ్లి, ఆ బాధలు, ఇవన్నీ మనకు వినికిడిగా తెలుస్తాయి. పిప్ చెబుతున్న కథ కాబట్టి అంతే చెప్పగలడని సర్దిచెప్పుకోవచ్చు, అయినా ఆ ఖాళీ తెలుస్తూనే ఉంటుంది. 53వ అధ్యాయంలో సున్నపు బట్టీ దగ్గర, ఒకప్పుడు జో కొలిమిలో పనిచేసిన ఆర్లిక్ పిప్‌ను కట్టేసే ఘట్టం కూడా అతికినట్టు లేదు. ఆ వారం పత్రికకు ఉత్కంఠ కావాల్సివచ్చిందనిపిస్తుంది.

నవలలోని లండన్‌లో చూడాల్సినవి రెండు. లిటిల్ బ్రిటన్‌లో జాగర్స్ ఆఫీసు ఒకటి. కుర్చీ నల్లటి గుర్రపువెంట్రుకల బట్టతో, ఇత్తడి మేకుల వరసలతో శవపేటికలా ఉంటుంది. ఎదురు గోడ కక్షిదారుల భుజాలు రాసుకుని జిడ్డెక్కిపోయి ఉంటుంది. ఆయన మనుషులను పంపించాక వాసన సబ్బుతో చేతులు కడుక్కుంటాడు. నవలంతా చేతుల మీదే నడుస్తుందని ఒకసారి గమనించాక ఎక్కడ చూసినా అవే: పిప్ మొరటు చేతులు, అక్క చెయ్యి, మాలీ మణికట్లు, కడిగినా పోనిదేదో ఉన్నట్టు జాగర్స్ చేతులు, సుత్తిపట్టులో బలంగా ఉండి పిల్లవాడి భుజం మీద ఈకలా వాలే జో చెయ్యి. పెన్సిల్ పెట్టుకుని ఆ మాట వచ్చిన ప్రతిచోటా గీత గీసుకుంటే రెండో చదువు వేరే పుస్తకం చదివినట్టుంటుంది.

రెండోది వాల్వర్త్‌లో వెమ్మిక్ ఇల్లు. చిన్న కొయ్య ఇల్లు, దాని చుట్టూ నాలుగడుగుల వెడల్పు, రెండడుగుల లోతు కందకం. దాని మీద ఎత్తి దించే పలక. రాత్రి తొమ్మిదికి చిన్న ఫిరంగి పేలుస్తారు, చెవిటి ముసలి తండ్రికి వినబడే ఒకే ఒక్క శబ్దం అది. ఆఫీసులో వెమ్మిక్ నోరు ఉత్తరాలపెట్టె సందులా బిగుసుకుని ఉంటుంది. స్నేహితుడికి సాయం చెయ్యాలా అని అడిగితే ఆ డబ్బు థేమ్స్ మీది ఏదో ఒక వంతెన మీంచి నదిలో పారెయ్యమని సలహా ఇస్తాడు. అదే ప్రశ్న వాల్వర్త్‌లో అడిగితే తనే దగ్గరుండి పని చక్కబెడతాడు. ఉద్యోగం ఒకటి, ఇల్లు ఒకటి అని రెండుగా చీలి బతికే పట్నపు మనిషి ఇంత స్పష్టంగా అంతకుముందు సాహిత్యంలో కనపడలేదేమో. ఐటీ ఆఫీసు మెట్లు దిగి ఇంటికెళ్లేవాళ్లకు ఈ అధ్యాయాలు ఎవరూ వివరించక్కర్లేదు.

27వ అధ్యాయం గురించి పైన రెండుసార్లు వచ్చింది, దాని మాట చెప్పాలి. జో లండన్ వస్తున్నాడని ఉత్తరం వస్తే పిప్ డబ్బిచ్చయినా రాకుండా ఆపగలిగితే ఆపేవాణ్ణని అనుకుంటాడు. జో వస్తాడు, టోపీ ఎక్కడ పెట్టాలో తెలియక పొయ్యి అరుగు అంచున పెడతాడు, అది పడుతూనే ఉంటుంది. పట్టుకుంటాడు, మళ్లీ పెడతాడు. తను పెంచిన పిల్లవాణ్ని ‘అయ్యా’ అంటాడు. నవ్వు వస్తుంది, నవ్వినందుకు గొంతులో ఏదో అడ్డుపడుతుంది. వెళ్లేముందు జో మాటల్లో తడబాటు ఉండదు. ఈ బట్టల్లో నేను సరిపోను, నన్ను కొలిమి దగ్గర సుత్తితో చూడు, అప్పుడు ఇంత తక్కువగా కనిపించను అన్న భావం. ఇవాళ తప్పేదైనా ఉంటే అది తనదేనంటాడు, మనిద్దరం లండన్‌లో కలిసి ఉండదగ్గవాళ్లం కాదంటాడు. మరుసటిరోజే ఊరెళ్లిన పిప్ జో ఇంట్లో దిగకుండా బ్లూ బోర్ హోటల్లో దిగుతాడు, దానికి తనకు తనే సాకులు చెప్పుకుంటాడు. ఈ కథ చెబుతున్నది పెద్దయిన పిప్ అని మర్చిపోకండి. తనను తాను వెనకేసుకురాకుండా, అతిగా తిట్టుకోకుండా ఇలాంటి పేజీలు రాయడం ఎంత కష్టమో రాసేవాళ్లకు తెలుస్తుంది. చివరికి నగలకొట్టు బాకీ 123 పౌన్ల 15 షిల్లింగుల 6 పెన్నీలకు పిప్‌ను పట్టుకోవడానికి వస్తారు, అప్పటికే అతను జ్వరంతో స్పృహ తప్పుతున్నాడు. సేవ చేసింది జో, బాకీ కట్టింది జో. పిప్ లేచి తిరగడం మొదలుపెట్టగానే చెప్పకుండా వెళ్లిపోయిందీ జోనే, రసీదు వదిలేసి.

ఆఖరి భాగంలో థేమ్స్ మీద పడవ ప్రయాణం ఉన్న 54వ అధ్యాయాన్ని పెంగ్విన్ మ్యాపు పక్కన పెట్టుకుని చదవండి. తొమ్మిదికి పోటు తీసి నీరు దిగువకు లాగడం మొదలవుతుంది, మూడింటి దాకా అది పడవను తీసుకుపోతుంది, ఆ తర్వాత చీకటి పడేదాకా ఎదురీదాలి. మాగ్విచ్‌ను విదేశం వెళ్లే స్టీమరు ఎక్కించాలన్న పథకం ఆ లెక్క మీదే ఆధారపడింది. ఇది ఊహించి రాసింది కాదు. 1861 మే 22న డికెన్స్ ఒక స్టీమరు అద్దెకు తీసుకుని సౌతెండ్ దాకా వెళ్లి దారి చూసుకుని వచ్చాడు. మొదటి అధ్యాయపు శ్మశానం కూడా అలాగే కళ్లతో చూసిన చోటే. గ్యాడ్స్ హిల్‌లో ఆయన ఇంటికి కొద్ది దూరంలో ఉన్న కూలింగ్ చర్చి ఆవరణలో పసిపిల్లల చిన్న చిన్న సమాధిరాళ్లు ఇప్పటికీ వరసగా ఉన్నాయి. అక్కడ పదమూడు. చదివేవాళ్లు నమ్మరనుకున్నాడేమో, నవలలో పిప్ సోదరులవి అయిదే ఉంచాడు.

ముగింపు. డికెన్స్ మొదట రాసినదాంట్లో పిప్, ఎస్టెల్లా పికడిల్లీలో ఒక్కసారి ఎదురవుతారు. ఆమెకు ఒక డాక్టరుతో రెండో పెళ్లయిపోయింది. పిప్ పక్కనున్న జో కొడుకును చూసి అతని కొడుకే అనుకుంటుంది, పిప్ కాదనడు. కాసిని మాటలు, అంతే. నవలాకారుడు బుల్వర్ లిట్టన్ వద్దనడంతో మార్చాడు. మొదటిది లోకానికి తెలిసింది డికెన్స్ పోయాక, ఆయన స్నేహితుడు జాన్ ఫోర్‌స్టర్ రాసిన జీవితచరిత్రలో. మార్చిన ముగింపులో ఇద్దరూ సాటిస్ హౌస్ నేలమట్టమైన చోట కలుస్తారు. ఇల్లు లేదు, బీరు కార్ఖానా లేదు, పాత తోట గోడ మాత్రం ఉంది. పిప్ ఊరు విడిచిన ఉదయం లేచినట్టే ఇప్పుడు సాయంత్రపు పొగమంచు లేస్తుంది. ఏది మంచిదన్న తగువు ఇవాళ్టికీ తీరలేదు. మొదటిది నిజాయితీగా ఉంది. కానీ చోటుల ద్వారా ఇంతసేపు కథ చెప్పిన నవల, ఏ సంబంధం లేని ఒక లండన్ వీధిలో ఆగిపోవడం వెలితిగా అనిపిస్తుంది. ఆ ఇల్లు కూలిన నేల మీదే వాళ్లు కలవాలి, ఆ లెక్కన రెండోదే ఈ నవలకు తగింది.

పైగా రెండోది అందరూ అనుకునేంత సుఖాంతం కాదు. 1861 పాఠంలో ఆఖరి వాక్యం, ఆమె నుంచి ఎడబాటు లేకపోవడం తాలూకు నీడను చూశానన్నట్టు ఒక వింత మెలికలో ఆగుతుంది, తర్వాతి ముద్రణల్లో దాన్ని మరో ఎడబాటు నీడ కనిపించలేదని సాఫీ చేశాడు. పెంగ్విన్‌లో ఉన్నది మొదటిది, గుటెన్‌బర్గ్‌లో ఉన్నది రెండోది, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. రాతప్రతిలో అయితే ఆ వాక్యం చివర ఇంకో చిన్న తోక ఉంది, ‘ఒక్కటి తప్ప’ అని. ఆ ఒక్క ఎడబాటు చావు. అచ్చుకు వెళ్లేటప్పుడు ఆ మాట కొట్టేశాడు.